దూకినవాడిని పెద్దగా గీశాను

మీ దోస్తు మ్యాన్‌హోల్లోకి దిగి, మీ కళ్ళ ముందే స్పృహ తప్పి పడిపోతే మీరేం చేస్తారు? దూకుతారా, దూకరా?

తొందరపడి జవాబు చెప్పకండి. "దూకుతాను" అని నోటిదాకా వచ్చి ఉంటే, ఆ మాట మీకు ఎవరు నేర్పారో ఒకసారి వెతుక్కోండి. ప్రాణం ఇచ్చినవాడికి దండ వేసి, ఆగి ఆలోచించినవాడికి పిరికివాడని పేరు పెట్టే సమాజం మనది. ఆ సమాజాన్ని తిట్టిపోస్తూ వ్యాసాలు రాసినవాడినే నేను. అయినా అదే సమాజం నా చేతిలో దూరి నాతో ఒక పేజీ గీయించింది. ఖతర్‌లో నేను చేసిన ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ నిలదీసే తప్పు అది. దాన్ని నాకు చూపించిన మనిషికి అక్షరం ముక్క రాదు. ఆయన బాకీ తీర్చలేను గనుక మీకు చెబుతున్నాను.

కుర్రతనంలో మా ఊరి హేతువాద సంఘంలో నావి రెండు పనులు. అరచేతిలో కర్పూరం వెలిగించి, ఇందులో ఏ మహిమా లేదని నలుగురికీ చూపించడం ఒకటి. సంఘం పత్రికకు బొమ్మల కథలు గీయడం రెండోది. దొంగ బాబా విభూతి ఎక్కడ దాచుకుంటాడో నాలుగు గడుల్లో విప్పి చెప్పేవాడిని. ఎదుటివాడి నోరు మూయిస్తే వాదన గెలిచినట్టే అనుకునే వయసు. తర్వాత డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకుని, పొట్టకూటికి ఖతర్ చేరాను. మా మేనత్త లెక్కలో మాత్రం నేను చివరిదాకా దుబాయ్‌లోనే ఉన్నాను.

మా కంపెనీ ఆఫీసు దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తు. పైపులైన్ల డ్రాయింగులు గీసి గీసి నడుము వంగిన రోజుల్లో మురుగు లైను పని ఒకటి వచ్చింది. లోతైన మ్యాన్‌హోళ్ళు. వాటి అడుగున కంటికి కనిపించని చెడ్డ గాలి చేరుతుంది. ఒకడు పడిపోతే వాడిని లాగడానికి రెండోవాడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. మా సేఫ్టీ ఆఫీసరు కేరళ మనిషి. ఒకరోజు నా టేబుల్ ముందు వచ్చి నిలబడి, తన మలయాళపు హిందీలో అడిగాడు.

"మాస్టర్, క్యాంపులో ఎన్ని భాషలున్నాయో నీకు తెలుసు. అక్షరం లేని పేజీ ఒకటి కావాలి. చూడగానే అర్థమైపోవాలి."

"బొమ్మకు భాషతో పనేముంది సాబ్? రెండు రోజులివ్వండి," అన్నాను.

మూఢనమ్మకం అంటే ఏమిటో అప్పటికి వంద సభల్లో చెప్పి ఉంటాను. పరీక్షించకుండా నమ్మడం. నేను ఆ క్షణంలో చేసింది అదే.

ఆరు గడులు వేశాను. మొదటి గడిలో ఒకడు నిచ్చెన దిగుతాడు. రెండో గడిలో పడిపోతాడు. గాలి చెడ్డదని తెలియడానికి చుట్టూ చుక్కలు పెట్టాను. మూడో గడిలో పైనున్న దోస్తు అది చూసి నోరు తెరుస్తాడు. నాలుగో గడిలో దూకుతాడు. సగం పేజీ దానికే ఇచ్చాను. ఎగిరే చొక్కా, బిగిసిన కండలు, గాలిని చీల్చే గీతలు, కళ్ళలో నిప్పు. ఒక పూటంతా ఆ ఒక్క గడి మీదే కూర్చున్నాను. ఐదో గడిలో ఇద్దరూ పడి ఉంటారు, పైన ఎర్రటి ఇంటూ గుర్తు. అడుగున మిగిలిన మూలలో అగ్గిపెట్టెంత ఆరో గడి. అందులో ఒకడు కిందికి దిగకుండా పైనే నిలబడి సాయం కోసం కేక వేస్తుంటాడు. ఇదీ సరైన పని అని పక్కన టిక్కు పెట్టాను.

ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. పేజీ అచ్చయి, ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, అన్ని సైట్ల బోర్డుల మీదికీ ఎక్కింది.

ఒక శుక్రవారం అల్ ఖోర్ దగ్గరున్న మా క్యాంపుకు వెళ్ళాను. పికప్ నడిపే హైదరాబాదీ డ్రైవరు తనతో తీసుకుపోయాడు. అక్కడ జగిత్యాల వైపువాళ్ళ గది ఒకటి ఉంది. అందులో పైపు పనిచేసే ఒక నడివయసు మనిషిని గదంతా "బావా" అనే పిలిచేది, ఎందుకంటే ఆయన సొంత బామ్మర్ది కూడా అదే గదిలో ఉండేవాడు. నేనూ బావా అనేవాడిని. ఆ రోజు బామ్మర్ది మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నేను పేజీ తీసి బావ ముందు పరిచాను. నిజం చెప్పాలంటే, పొగిడించుకోవడానికే పరిచాను.

"ఎట్లున్నది బావా?"

"కడక్ ఉన్నది సార్. గీ దుంకెటోడున్నడు సూడు, మగాడంటే గిట్లుండాలె. దోస్తును ఇడిసిపెట్టలే."

"కింద సూడలేదా? ఇద్దరు సచ్చిన్రు. ఎర్ర ఇంటూ గూడ పెట్టిన."

"ఇంటూ అంటే ఆడ పనున్నదని గద సార్? సర్వేయరు ఇంటూ కొట్టిన కాడనే మేం తవ్వుతం."

గది గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. చుక్కలు చూపించి ఇవేమిటని అడిగాను.

"దుమ్ము. మూతికి తువ్వాల కట్టుకొని దిగుమంటున్నరు."

"మరి ఆఖరుకు ఉన్న ఈయన?"

బావ పేజీని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "వీడా? పోయినోళ్ళ కోసం ఒర్రి ఏడుస్తున్నడు పాపం. ఉత్త చేతులతోని నిలవడ్డడు, ఏం పనోడో ఏమో."

డ్రైవరు నా భుజం తట్టాడు. "మాస్టర్ సాబ్, హీరో కో మార్ దియే, బుజ్దిల్ కో బచా లియే. ఐసా పిక్చర్ చల్తా నై." హీరోని చంపి పిరికివాడిని బతికించిన సినిమా ఆడదని తీర్పు.

"సరే బావా," అన్నాను. "నిజంగ గట్లయితే నువ్వేం జేస్తవ్?"

ఆయన బామ్మర్ది వైపు చూశాడు. "సన్నగుంటడని సైటుల ప్రతిసారి వీన్నే దింపుతరు. నేను పైనుంట. వీడు పడితె దుంకకుంట ఎట్లుంట సార్? మా ఆమెకు ఏం మొకం సూపెట్టాలె? తమ్మున్ని గుంతల ఇడిసిపెట్టి నువ్వొక్కనివే ఇంటికొచ్చినవా అనదా?"

"నువ్వు దుంకితె నిచ్చెన ఇరుగుతది బావా," అన్నాడు బామ్మర్ది ఉల్లిగడ్డల మీంచి తలెత్తకుండానే. "బతికున్నోన్ని గూడ నీ బరువుకు సస్త."

అందరూ మళ్ళీ నవ్వారు. ఇది కాగితం మీది దోస్తు కథ కాదు. రేపు పొద్దున గుంతలోకి దిగబోయేవాడు, వాడి వెనక దూకబోయేవాడు నా ఎదురుగా కూర్చుని ఉన్నారు. దూకమని వాళ్ళకు చెబుతున్న పేజీ నాది.

పాత అలవాటు ఊరుకోదు కదా. ఉపన్యాసం మొదలుపెట్టాను. గ్లాసు బోర్లించి కింద కొవ్వొత్తి ఆరిపోవడం చూపించాను. గాలి గురించి, ఊపిరి గురించి గంట సేపు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు. కొట్టి, ఇలా అన్నాడు:

"మస్తు సమజైంది సార్. దిగితె పాణం పోతది. అయినా దుంకుత. ఇయ్యాల్టి దాంక అయితె తెల్వక సస్తుంటి, ఇప్పుడు తెలిసి సస్త. గంతే ఫరక్."

నా జీవితంలో నన్ను అంత శుభ్రంగా ఓడించిన వాదన ఇంకొకటి లేదు. తెలియకపోవడం ఒక్కటే జబ్బనుకుని, తెలియజెప్పడం ఒక్కటే మందనుకుని ముప్పై ఏళ్ళు తిరిగాను నేను.

డ్రైవరుకు నా మీద జాలి వేసింది. "ఏక్ షైతాన్ బనాదో సాబ్ గడ్డేమే. గుంతలో దయ్యాన్ని కోరలు, కొమ్ములు పెట్టి గీస్తే ఎవ్వడూ దిగడు," అన్నాడు. ఒప్పుకుంటాను, ఆ ఉపాయం పనిచేసేదే. కానీ దయ్యానికి విరుగుడు ఉందని మనవాళ్ళు నమ్ముతారు. దయ్యాన్ని గీస్తే నిమ్మకాయ తొక్కి దిగుతారు, తాయెత్తు కట్టుకుని దిగుతారు. గాలికి తాయెత్తు లేదు. ఈ మాటే అన్నాను. బామ్మర్ది చొక్కా చెయ్యి పైకి లాగి జబ్బకు కట్టిన తాయెత్తు చూపించాడు. "మా అవ్వ కట్టనే కట్టింది సార్. మీరు దయ్యాన్ని గీయున్రి, నేను రడీ."

ఈ నవ్వులాటలో బావ కలవలేదు. పేజీనే చూస్తున్నాడు. కాసేపటికి తన పెద్ద అరచేతిని సగం పేజీ మీద బోర్లించాడు. దూకేవాడు ఆ చేతి కింద మాయమయ్యాడు.

"ఇప్పుడు సూడు సార్. ఈ కేకేసెటోడు కనవడుతున్నడు. వీన్ని పెద్దగ గియ్యి. దుంకెటోడు వద్దే వద్దు. కానీ వీన్ని ఉత్త చేతులతోని నిలవెట్టకు. సైటుల ఉత్త చేతులతోని నిలవడితె ఫోర్‌మన్ తిడుతడు, మనుషులు నవ్వుతరు. చేతులకు పని పెట్టు. కిందోని బెల్టుకు తాడు కట్టు, తాడు వీనికియ్యి. అప్పుడు ఎవ్వడు పిరికోడనడు."

పత్రికలకు ఇన్నేళ్ళు బొమ్మలు గీశాను. పేజీలో ఎవడికి ఎక్కువ చోటిస్తామో కథ వాడిదవుతుందని, పక్కన ఎన్ని ఇంటూలు పెట్టినా ఆ తీర్పు మారదని నాకు నేర్పింది ఆ అరచెయ్యి. చెయ్యకూడని పనిని ప్రేమగా గీశాను. చెయ్యవలసిన పనికి మిగిలిన మూల ఇచ్చాను. నా నోరు హేతువాదిదే, చెయ్యి మాత్రం ఇంకా హరికథల పందిట్లోనే కూర్చుని ఉంది.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరుకు చెప్పాను, ఆ పేజీలన్నీ పీకించాలని. ఆయన తల పట్టుకున్నాడు. అచ్చు వేయించి పట్టుమని నెల కాలేదు. అయినా బావ మాటలు ఒక్కొక్కటీ చెబుతుంటే కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడు. కొత్త పేజీ పెన్సిల్‌తో గీసి ఇచ్చాను. పైనున్నవాడు సగం పేజీ నిండా ఉన్నాడు. గుంత మీద మూడు కాళ్ళ స్టాండు, దానికి తాడు చుట్టే చక్రం, ఆయన రెండు చేతులూ చక్రం హ్యాండిల్ మీద. కిందివాడి బెల్టుకు తాడు.

ప్రాజెక్ట్ మేనేజరు అరబ్బు ఇంజనీరు. బొమ్మ చూసి వెంటనే పట్టేశాడు. "ప్రతి గుంత మీదా స్టాండు గీశావు. మనకు మొత్తం ఒక్కటే ఉంది. మిగతావి మాఫీ, లేవంతే. బొమ్మలోంచి స్టాండు తీసెయ్యి, యల్లా."

ఆలోచించండి. స్టాండు తెప్పించడం కష్టం, చెరపడం తేలిక. లోకంలో చాలా సమస్యలను పెద్దలు ఇలాగే పరిష్కరిస్తారు. నేను రబ్బరు తీసి ఆయన ముందు పెట్టాను. "మీరే చెరపండి సార్. చెరిపి కింద సంతకం పెట్టండి," అన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న భయం లేకపోలేదు. అప్పుడు నా పక్కనున్న సేఫ్టీ ఆఫీసరు నిదానంగా అన్నాడు: "స్టాండు లేని గుంతలోకి ఇవాళ్టి నుంచి మనిషిని దిగనివ్వను. ఇది రాసి ఇస్తాను." రాసిచ్చాడు కూడా. మేనేజరు రబ్బరు ముట్టుకోలేదు. కొన్ని వారాలకు స్టాండ్లు వచ్చాయి. చెరపనందుకు ఆయనకూ నేను కృతజ్ఞుణ్ణే.

స్టాండ్లు ముందు వచ్చాయి, కొత్త పేజీ అచ్చు ఆలస్యమైంది. అది చేతికి వచ్చిన రోజు నేనే పాతవాటిని గీకి కొత్తవి అంటించడానికి బయల్దేరాను. ఐన్ ఖాలిద్‌లో విల్లాల మధ్య ఒక వీధిలో బావ వాళ్ళ పని నడుస్తోంది. పొద్దున మీటరు పెట్టి గాలి పరీక్షించారు, బాగానే ఉంది. చాయ్‌కి ఆగారు. చాయ్ తర్వాత మళ్ళీ మీటరు పెట్టాలి. పెట్టలేదు. పొద్దున చూసిందే కదా అనుకున్నారు. బామ్మర్ది బెల్టుకు స్టాండు తాడు తగిలించుకుని దిగాడు.

నేను బోర్డు దగ్గర నిలబడి పాత పేజీ గీకుతున్నాను. వెనక బావ గొంతు వినిపిస్తూనే ఉంది. పని చేసేంత సేపూ కిందివాడితో మాట్లాడుతూ ఉండటం ఆయన అలవాటు.

"రాత్రి కూర ఎవడు వండిండురా? ఉప్పు సముద్రం అయింది."

కింది నుంచి ఏదో జవాబు.

"ఏందిరా? గట్టిగ చెప్పు."

జవాబు లేదు.

"ఏయ్! నిద్రపోయినవా?"

ఆ ప్రశ్నలో గొంతు మారింది. నేను పరుగెత్తాను. తొంగి చూస్తే అడుగున పచ్చ హెల్మెట్ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ తర్వాత నేనేం చేశానో చెబితే నవ్వండి, పరవాలేదు. పేజీ గీసినవాడిని, గంట సేపు ఉపన్యసించినవాడిని, కొవ్వొత్తి ఆర్పి చూపినవాడిని, నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. రెండో కాలూ పెట్టబోయాను.

మెడ వెనక కాలరు పట్టి ఎవరో గుంజారు. వెల్లకిలా పడ్డాను.

"బొమ్మ గీసినోనివి, నువ్వే దుంకుతవా సార్?" బావ అరిచాడు. "పట్టు ఇది! తిప్పు!"

నా చేతులు తీసుకుపోయి చక్రం హ్యాండిల్ మీద పెట్టాడు. తిప్పాను. తాడు బిగిసింది, బరువు తెలిసింది. ఆయన తాడును రెండు చేతులా పట్టుకుని, మనిషి నిచ్చెనకు తగలకుండా పక్కకు లాగుతూ, "తిప్పు, ఆగు, కొంచెం ఇడువు, మల్ల తిప్పు" అంటున్నాడు. ఆ గొంతులో వణుకు లేదు. ఒకచోట భుజం నిచ్చెన మెట్టుకు ఇరుక్కుంది. ఆయన కాలు తనకు తెలియకుండానే గుంత అంచు మీదికి జరిగింది. నేను చూశాను. కాలు వెనక్కి తీసుకున్నాడు. "కొంచెం ఇడువు సార్," అన్నాడు. వదిలాను. భుజం మెట్టు నుంచి విడిపడింది. హెల్మెట్ వెలుతురులోకి వచ్చింది, తర్వాత నీలం తిరిగిన ముఖం వచ్చింది.

ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. రోడ్డు పక్కన పడుకోబెట్టి బెల్టు వదులు చేశాం. ఊపిరి ఉంది. బండి రాకముందే కళ్ళు తెరిచాడు. వాడి మొదటి మాట:

"బావా, నువ్వు దిగలే గద?"

"దిగలేరా. దిగితె నిచ్చెన ఇరుగుతది గద," అన్నాడు బావ. తాడు ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. బండి వచ్చేదాకా వదల్లేదు.

రెండు రోజుల్లో వాడు ఆసుపత్రి నుంచి క్యాంపుకు వచ్చేశాడు. ఊళ్ళో వాళ్ళమ్మ ఫోన్‌లో దేవుళ్ళందరికీ దండం పెట్టి, దుబాయ్‌లో తన కొడుకును తాయెత్తే కాపాడిందని చెప్పిందట. ఆఫీసులోనేమో నా పేజీయే కాపాడిందని అభినందించారు. ఆ తల్లి లెక్కకూ ఆఫీసు లెక్కకూ నాకు తేడా కనిపించలేదు. కొత్త పేజీ ఆ సమయానికి నా సంచిలోంచి బయటికే రాలేదు. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగింది గనుక దానివల్లే జరిగిందనుకోవడం నేను జీవితమంతా పోట్లాడిన తర్కం. నాకు పొగడ్త వచ్చింది కదా అని దాన్ని ఒప్పుకుంటానా?

బావనే అడిగాను. "దుంకకుంట ఎట్ల ఆగినవ్? బొమ్మ యాదికొచ్చిందా?"

"బొమ్మ గిమ్మ ఏం యాదికి రాలే సార్. చేతులల్ల తాడున్నది. ఇడిసిపెట్టబుద్ధి కాలే."

వాడిని కాపాడింది ఒక స్టాండు, ఒక బెల్టు, ఒక తాడు, పైనుండి మాట ఆపని ఒక మనిషి. ఆ స్టాండు రావడానికి రాసిచ్చిన ఒక ఆఫీసరు. నా పేజీ చేసిన మేలు ఏదైనా ఉంటే, అది కూలీకి బుద్ధి చెప్పడంలో లేదు, కంపెనీకి లేని వస్తువును చూపించి సిగ్గుపడేలా చేయడంలో ఉంది. ఇక నా మాటంటారా, నన్ను కాలరు పట్టి గుంజి, చేతులకు పని పెట్టి బతికించారు. రిటైరై ఇంటికి వచ్చి, ఈ వ్యాసం రాస్తున్నానంటే అందుకే.

తర్వాత ఆ పేజీకి ఒక గడి కలిపాను: ఖాళీ చాయ్ గ్లాసు, పక్కన మీటరు. దాన్ని క్యాంపుకు పట్టుకెళ్ళి పది మంది ముందు పెట్టి, నోరు మూసుకుని కూర్చున్నాను. ఇద్దరికి అర్థం కాలేదు. మళ్ళీ గీశాను.

మీలో బొమ్మలు గీసేవాళ్ళున్నారు. బడి పుస్తకాలకు, ఆసుపత్రి గోడలకు, ఫ్యాక్టరీ బోర్డులకు, ఫోన్ తెరలకు గీస్తున్నారు. ఇప్పుడు మీ బల్ల మీదున్న పేజీ తీసుకోండి. అది ఎవరి కోసమో వాళ్ళ దగ్గరికి ఈ రోజే పోండి. ఏం కనబడుతోందని అడగండి, మధ్యలో అందుకోకండి. వాళ్ళు చెప్పిన ప్రతి మాటా రాసుకోండి. మీరు గీసిన వస్తువు వాళ్ళ చేతిలో నిజంగా ఉందో లేదో చూడండి. లేకపోతే బొమ్మలోంచి చెరపకండి, అది తెప్పించే దాకా కొట్లాడండి. తర్వాతే అచ్చుకు ఇవ్వండి. లేవండి, బయల్దేరండి.